మహిళా కేంద్రం తలుపు రాత్రి 9 దాకా తెరిచి ఉండాలి

సంపాదకులు గారికి నమస్కారాలు.

మార్చి 9వ తేదీ మీ పత్రిక జిల్లా పేజీలో ఒక ఫొటో చూశాను. మా ప్రాంతంలోని విశ్వవిద్యాలయంలో మహిళా అధ్యయన కేంద్రం వాళ్లు మహిళా దినోత్సవం జరిపారు. ముగ్గుల పోటీ, వ్యాసరచన, పాటలు, అతిథులకు సన్మానం. పిల్లల ముఖాలు కళకళలాడుతున్నాయి. చూసి సంతోషించాను. ఆ వేడుక మీద నాకు ఏ అభ్యంతరమూ లేదు. నేను పనిచేసింది వేరే క్యాంపస్‌లో, దాని పేరు ఇక్కడ అనవసరం. అక్కడి అమ్మాయిల హాస్టల్లో మేట్రన్‌గా చేసి రిటైరయ్యాను. అక్కడి మహిళా కేంద్రానికి కూడా బోర్డు ఉంది, గదులున్నాయి, డైరెక్టర్ ఉన్నారు. సాయంత్రం 5 కాగానే తాళం పడేది. అమ్మాయిలకు మనిషి అవసరమయ్యేది ఆ తర్వాతే. రాష్ట్రంలోని ప్రతి విశ్వవిద్యాలయంలో మహిళా కేంద్రం రాత్రి 9 దాకా తెరిచి ఉండాలని, అక్కడ శిక్షణ ఉన్న కౌన్సెలర్ ఒకరు కూర్చోవాలని అడగడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

హాస్టల్లో సాయంత్రాలు ఎలా గడుస్తాయో బయటివాళ్లకు అంతగా తెలియదు. ఐదున్నరకు టీ, ఆరున్నరకు హాజరు, ఏడున్నరకు మెస్ గంట. పగలంతా క్లాసులు, ల్యాబులు, రికార్డులు రాసుకోవడం. భోజనాలయ్యాక ఎనిమిదిన్నర నుంచి ఫోన్లు మొదలవుతాయి. వరండా చివర, మెట్ల కింద, బట్టలారేసే మేడ మీద, ఎక్కడ సిగ్నల్ దొరికితే అక్కడ ఒక్కో పిల్ల నిలబడి ఉంటుంది. ఒకరికి సంబంధం ఖాయమైందని, పరీక్షలు తర్వాత రాసుకోవచ్చని, ఆదివారానికి వచ్చేయమని ఇంటి నుంచి కబురు. ఇంకొకరికి ఫీజు రీయింబర్స్‌మెంట్ పడలేదు, మెస్ బకాయి కట్టనిదే నో డ్యూస్ (బకాయిలేమీ లేవన్న కాగితం) రాదు, నాన్న దగ్గర డబ్బుల్లేవు. మరొక పిల్ల ఫోన్లో ఎవడో పంపిన ఫొటో ఉంటుంది, ఎవరి ఒంటికో ఆమె ముఖం అతికించింది. ఆ పిల్ల ఏడవదు. వాటర్ ఫిల్టర్ దగ్గర సీసా పట్టుకుని నిలబడి ఉంటుంది. సీసా నిండి నీళ్లు కాళ్ల మీదికి కారుతున్నా కుళాయి కట్టదు. నేను వెళ్లి కట్టేస్తే అప్పుడు తలెత్తి చూసి, "మేడమ్, మీతో కొంచెం మాట్లాడల్ల" అంటుంది.

నా పని పాలు, గ్యాస్, కూరగాయల లెక్కలు, అవుటింగ్ రిజిస్టరు, గదుల తాళాలు. కౌన్సెలింగ్ నేను చదువుకున్న విద్య కాదు. పక్కన కూర్చోబెట్టుకుని వినేదాన్ని, గ్లాసు పాలు వేడిచేసి ఇచ్చేదాన్ని, ఆ రాత్రికి గదిలో ఎవరో ఒకరు తోడుండేలా చూసేదాన్ని. చాలా హాస్టళ్లలో మేట్రన్లు, వాచ్‌ఉమెన్ చేస్తున్నది ఇదే. అది చిన్న పని అని నేననను. అయితే బతకాలని లేదని ఒక పిల్ల నోటితో అన్నప్పుడు ఏం అడగాలో, ఏం అడగకూడదో, ఇంటికి ఎప్పుడు ఫోన్ చేయాలో, డాక్టరు దగ్గరికి వెంటనే తీసుకెళ్లాలో తెల్లారేదాకా ఆగొచ్చో తెలిసిన మనిషి పక్కన ఉండాలి. ఆ ఫొటో విషయమైతే, భయపడి అన్నీ చెరిపేయకు, స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకో, సైబర్ క్రైమ్ పోర్టల్లో ఇలా ఫిర్యాదు పెడదాం అని పక్కన కూర్చుని చేయించేవాళ్లు ఉండాలి. అదీ ఆ పిల్ల మాట్లాడే తెలుగులో మాట్లాడేవాళ్లు. మండల కేంద్రం కూడా దాటి ఎరగని ఊరి నుంచి వచ్చిన పిల్ల తన బాధను ఇంగ్లిషులో ఫారం నింపి చెప్పుకోలేదు.

నేను అడుగుతున్నది కొత్త కోరికేమీ కాదు. ఉన్నత విద్యాసంస్థల్లో లైంగిక వేధింపుల నివారణకు యూజీసీ, అంటే విశ్వవిద్యాలయాలకు నిధులిచ్చి నియమాలు పెట్టే కేంద్ర సంస్థ, 2015లో నిబంధనలు తెచ్చింది. అందరూ వాటిని వేధింపుల ఫిర్యాదులు విచారించే కమిటీకి సంబంధించినవిగానే చూస్తారు. తీరిగ్గా చదివితే వాటిలో ఇంకా చాలా ఉంది. ప్రతి సంస్థలో కౌన్సెలింగ్ సేవలు స్థిరమైన ఏర్పాటుగా ఉండాలి, బాగా శిక్షణ పొందిన పూర్తికాలపు కౌన్సెలర్లు ఉండాలి. దారుల్లో లైట్లు ఉండాలి, సెక్యూరిటీలో తగినంత మంది ఆడవాళ్లు ఉండాలి, పెద్ద క్యాంపస్‌లలో హాస్టళ్లకూ లైబ్రరీకీ ల్యాబులకూ మధ్య నమ్మకమైన రవాణా ఉండాలి, గైనకాలజిస్టు సేవలు అందాలి. రక్షణ పేరు చెప్పి, మగపిల్లల హాస్టళ్లలో లేని ఆంక్షలు ఆడపిల్లల హాస్టళ్లలో పెట్టకూడదని కూడా స్పష్టంగా ఉంది. ఈ చివరి సంగతి నా కోరికకు చాలా ముఖ్యం. కేంద్రం రాత్రి 9 దాకా తెరిచి, హాస్టల్ గేటు ఆరున్నరకే మూస్తే అక్కడికి వెళ్లేదెవరు?

2025 జులైలో సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాలు కూడా ఉన్నాయి. అవి మన విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ చనిపోయిన అమ్మాయి కేసులో వచ్చాయి. బిడ్డ చావు మీద సరైన దర్యాప్తు జరగాలని ఆ తండ్రి ఢిల్లీ దాకా వెళ్లి పోరాడాడు. 100 మందికి తగ్గకుండా విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్నో కనీసం ఒకరిని పెట్టాలని ఆ తీర్పు చెప్పింది. మన నేల మీద పోయిన ప్రాణం వల్ల వచ్చిన మాట అది. ముందుగా అమలు కావలసింది కూడా మన దగ్గరే అని నాకు గట్టిగా అనిపిస్తుంది.

మహిళా అధ్యయన కేంద్రాలు 1986 జాతీయ విద్యా విధానం తర్వాత యూజీసీ సాయంతో విశ్వవిద్యాలయాల్లో పెరిగాయి. పాఠాలు చెప్పడం, పరిశోధన చేయడం, చుట్టుపక్కల జనంలోకి వెళ్లి పనిచేయడం, ఈ మూడూ వాటి బాధ్యతలే. పన్నెండో పంచవర్ష ప్రణాళిక 2017లో ముగిశాక వాటి నిధుల మీద అనిశ్చితి వచ్చింది. కేంద్రాన్ని నడిపే మేడమ్ సాధారణంగా వేరే డిపార్ట్‌మెంట్ ప్రొఫెసరే. అక్కడి పాఠాలు, పేపర్ల వాల్యుయేషన్ అన్నీ చూసుకుంటూ దీన్ని అదనపు బాధ్యతగా మోస్తారు. నేను చూసిన మేడమ్‌లు మంచివాళ్లు, కష్టపడేవాళ్లు. కానీ జీతమిచ్చి పెట్టిన మనిషి లేకుండా సాయంత్రం తలుపు తెరిచేదెవరు? మా దగ్గర ఐదు రూపాయల బిళ్ల వేస్తే ప్యాడ్ వచ్చే మిషన్ కూడా ఆ కేంద్రం వరండాలోనే ఉండేది, గ్రిల్ తలుపు లోపల. ఐదు దాటితే అదీ అందేది కాదు.

ఒక తల్లి సంగతి చెప్పాలి. ఆ అమ్మాయి పీహెచ్‌డీ చేస్తూ ఉండగా బిడ్డ పుట్టింది. హాస్టల్లో పసిబిడ్డను ఉంచుకోవడానికి నిబంధన ఒప్పుకోదు. ఊళ్లో గది అద్దెకు తీసుకుందామంటే ఫెలోషిప్ నెలల తరబడి ఆగిపోయింది. వాళ్ల అమ్మ పొద్దున బస్సుకు బిడ్డనెత్తుకుని వచ్చేది. లైబ్రరీ వెనక వేపచెట్టు కొమ్మకు చీర ఉయ్యాల కట్టేది. బిడ్డ ఏడ్చినప్పుడు ఈ అమ్మాయి ల్యాబు నుంచి కిందికి దిగి, స్కూటర్ల స్టాండు వెనక గోడకు తిరిగి కూర్చుని పాలిచ్చి, మొహం కడుక్కుని మళ్లీ పైకి వెళ్లేది. ఎండాకాలంలో ఆ ముసలామె చెంగుతో విసురుతూ మూడు దాకా అక్కడే. నలభై అడుగుల దూరంలో మహిళా కేంద్రం గది. ఫ్యాన్ ఉంది, బాత్‌రూమ్ ఉంది. సెమినార్ ఉన్న రోజు తప్పితే ఖాళీ. అడిగితే, దానికి రూల్ లేదన్నారు.

గదికి రూల్ లేకపోయినా సెలవుకు రూల్ ఉంది. పీహెచ్‌డీ చేసే ఆడవాళ్లకు మొత్తం కాలంలో ఒకసారి 240 రోజుల దాకా ప్రసూతి సెలవో, శిశు సంరక్షణ సెలవో ఇవ్వొచ్చని యూజీసీ 2016 నిబంధనల్లో పెట్టింది, 2022 నిబంధనల్లోనూ కొనసాగించింది. ఆడవాళ్లకు థీసిస్ ఇచ్చే గడువు కూడా రెండేళ్లు ఎక్కువ ఇవ్వొచ్చు. డిగ్రీ, పీజీ చదివే అమ్మాయిలకు కూడా ప్రసూతి సెలవు, హాజరులో మినహాయింపు ఇచ్చేలా నియమాలు చేసుకోమని 2021 డిసెంబరులో యూజీసీ విశ్వవిద్యాలయాలకు లేఖ రాసింది. ఆ అమ్మాయికి ఈ సెలవు సంగతి చెప్పినవాళ్లే లేరు. పరిశోధన చేయించే గైడ్ చెప్పలేదు, ఆఫీసులో చెప్పలేదు. సెక్షన్‌లో పనిచేసే ఒక గుమాస్తా ఆవిడ ఎప్పుడో మాటల్లో అంటే తెలిసింది, అప్పటికి బిడ్డకు పళ్లు వచ్చాయి. ఇలాంటి సంగతులు చెప్పడం, అర్జీ రాయించడం, ఫైలు ఎక్కడ ఆగిందో వెంటపడి కనుక్కోవడం మహిళా కేంద్రం పని. ఖాళీ గదిలో ఒక తెర కట్టి, ఒక మంచం వేసి, పాలిచ్చే తల్లులు వాడుకోవచ్చని తలుపు మీద కాగితం అంటిస్తే చాలు.

అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయం 1960లో మహిళా కేంద్రం మొదలుపెట్టింది ఇందుకోసమే. పెళ్లిళ్లయి, పిల్లలు పుట్టి చదువు ఆగిపోయిన ఆడవాళ్లను మళ్లీ యూనివర్సిటీకి తేవాలని. మా అక్క మనవరాలు ఆ దేశంలోనే వేరేచోట చదువుతోంది. వాళ్ల యూనివర్సిటీలో తల్లులు బిడ్డలకు పాలివ్వడానికి గది ఉందని, లోపల గడియ పెట్టుకోవచ్చని ఫోన్లో చెబితే నాకు ఆ వేపచెట్టు కింద ముసలామే గుర్తొచ్చింది.

ఫిర్యాదుల విషయానికొస్తాను. 2015 నిబంధనల్లో నాకు బాగా నచ్చిన మాట ఒకటుంది. కాలేజీల్లో మహిళా అభివృద్ధి విభాగాలకు నిధులిచ్చి మళ్లీ నిలబెట్టాలి, అవి ఫిర్యాదుల కమిటీకి సంబంధం లేకుండా స్వతంత్రంగా నడవాలి అని. ఆ మాట రాసినవాళ్లకు ఆడపిల్లల మనసు తెలుసు. ఒక పిల్ల నోరు మూసుకుని ఉండటానికీ, కాగితం మీద ఫిర్యాదు రాసి సంతకం పెట్టడానికీ మధ్య చాలా రోజులు గడుస్తాయి. ఆ రోజుల్లో ఆమెకు కావలసింది విచారణ కాదు, కూర్చుని మాట్లాడుకునే చోటు. "నాకు జరిగింది వేధింపు కిందికి వస్తుందా, నేనే ఎక్కువ ఊహించుకుంటున్నానా" అని భయం లేకుండా అడిగే చోటు. కమిటీ గదికి వెళ్తే మర్నాటికి డిపార్ట్‌మెంట్ అంతా తెలిసిపోతుందని పిల్లలు అనుకుంటారు. అందుకే మెట్ల దాకా వచ్చి వెనక్కి పోతారు. ఈలోగా గడువు కరిగిపోతుంది. జరిగిన రోజు నుంచి మూడు నెలల్లోపు ఫిర్యాదు ఇవ్వాలి. కారణం ఉంటే కమిటీ ఇంకో మూడు నెలలు పొడిగించొచ్చు. ఆ సంగతీ పిల్లలకు తెలియదు.

పరిశోధన చేసే అమ్మాయిల భయం ఇంకా వేరు. గైడ్ సంతకం లేనిదే ఫెలోషిప్ బిల్లు కదలదు, థీసిస్ కదలదు. ఆయన మీదే ఫిర్యాదు ఇవ్వాలంటే అయిదేళ్ల కష్టం చేజేతులా పారేసుకోవడమే అనుకుంటారు. విచారణ జరుగుతుండగా, ఫిర్యాదు చేసిన అమ్మాయి పనిని గాని పరీక్షలను గాని ఆ వ్యక్తి మూల్యాంకనం చేయకుండా ఆపమని కమిటీ సిఫారసు చేయొచ్చని నిబంధనల్లో ఉంది. విచారణ 90 రోజుల్లో పూర్తి కావాలని ఉంది. విద్యార్థుల విషయమైతే కమిటీలో ముగ్గురు విద్యార్థులు కూడా ఉండాలని, వైస్ ఛాన్సలర్, రిజిస్ట్రార్, డీన్లు, డిపార్ట్‌మెంట్ హెడ్లు అందులో సభ్యులుగా ఉండకూడదని కూడా ఉంది. ఇవి నోటీసు బోర్డు మీద ఇంగ్లిషులో చిన్న అక్షరాలతో ఉంటే లాభం లేదు. అడ్మిషన్ల రోజున ప్రతి పిల్ల చేతికీ తెలుగులో ఒక కాగితం ఇవ్వాలి. సాయంత్రం ఆ కాగితం పట్టుకుని వచ్చి "ఇదేంది మేడమ్" అని అడిగితే చెప్పే మనిషి ఉండాలి.

ఇక మా మెస్ ఆడవాళ్లు. వాళ్ల గురించి ఎవరూ రాయరు కాబట్టి నేను రాస్తాను. కూరలు తరిగేవాళ్లు, చపాతీలు వత్తేవాళ్లు, గంగాళాలు తోమేవాళ్లు, బాత్‌రూములు కడిగేవాళ్లు. పొద్దున అయిదింటికి వస్తారు, రాత్రి అందరూ తిన్నాక తొమ్మిదిన్నరకు ఆటో ఎక్కుతారు. జీతం కాంట్రాక్టరు ఇస్తాడు. వాళ్లతో ఎవరైనా చెడుగా ప్రవర్తిస్తే, "మేం యూనివర్సిటీ వాళ్లం కాదు కదమ్మా, మాకెవరు దిక్కు" అనుకుంటారు. 2013లో వచ్చిన పని ప్రదేశాల్లో లైంగిక వేధింపుల చట్టంలో ఉద్యోగి అంటే రోజుకూలీ, తాత్కాలికంగా చేసేవాళ్లు, కాంట్రాక్టరు ద్వారా వచ్చినవాళ్లు అందరూ వస్తారు. రాయడం రాకపోతే ఫిర్యాదు రాయడానికి కమిటీ వాళ్లే సాయం చేయాలని కూడా ఆ చట్టంలో ఉంది. ఆడవాళ్లెవరికైనా ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం 1987 నాటి న్యాయసేవల చట్టం ఇస్తోంది. భర్త తాగి కొడుతున్నా, పొలం కాగితాల్లో పేరు లేకపోయినా, జిల్లా న్యాయసేవా సంస్థకు వెళ్లొచ్చు, 15100కు ఫోన్ చేయొచ్చు.

మధ్యాహ్నం మూడు నుంచి అయిదు దాకా ఈ ఆడవాళ్లకు కాస్త ఊపిరి పీల్చుకునే సమయం. స్టోర్ రూమ్ ముందు గోనెపట్టా పరుచుకుని నడుం వాలుస్తారు. మహిళా కేంద్రం వాళ్లు సామాజిక కార్యక్రమాల కోసం పల్లెలను దత్తత తీసుకుంటారు, జీపు వేసుకుని వెళ్లొస్తారు, అది మంచిదే. తమ ప్రాంగణంలోనే ఉన్న ఈ ఆడవాళ్లను వారానికి ఒక రోజు కేంద్రానికి పిలిచి బీపీ, షుగర్, రక్తహీనత పరీక్షలు చేయించాలి, పీఎఫ్ కాగితాలు చదివి చెప్పాలి. సోషల్ వర్క్ విద్యార్థులు పక్కనే ఉన్నారు. వాళ్లకూ ఫీల్డ్ వర్క్ కావాలి.

ఆంధ్ర విశ్వవిద్యాలయంలోని మహిళా అధ్యయన కేంద్రానికి దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి పేరు పెట్టారు. ఆమె ఆ విశ్వవిద్యాలయంలో బీఏకు చేరాలనుకున్నప్పుడు అమ్మాయిలకు హాస్టల్ లేదని చెప్పారట. ఆమె పత్రికలో ప్రకటన ఇచ్చి, తనలాగే చదవాలనుకున్న అమ్మాయిలను కూడగట్టి, వాళ్లు ఉండటానికి ఏర్పాటు చేసుకుని మరీ చదివారు. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టి, చదువు మధ్యలో ఆగిన ఆడవాళ్లను మెట్రిక్ పరీక్షకు తయారు చేయించారు. చదువుకోవాలంటే ముందు తలదాచుకునే చోటు, పిల్లను చూసుకునే మనిషి, ధైర్యం చెప్పే నోరు ఉండాలని ఆమెకు తెలుసు. ఆమె పేరున్న చోటే కాదు, తిరుపతిలో 1983లో ఆడవాళ్ల కోసమే పుట్టిన పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలోనూ, ప్రతి క్యాంపస్‌లోనూ మహిళా కేంద్రాలు ఆ బాటలో నడవాలని నా ఆశ.

డబ్బెక్కడిది అంటారు. ఒక కౌన్సెలర్, ఒక వాచ్‌ఉమన్, ఒక గది, ఒక ఫోన్. కొత్త భవనం అక్కర్లేదు. ఇంకొందరు, రాత్రిపూట ఆడపిల్లలు తిరగడం ఎందుకు, హాస్టల్లోనే ఒక గది ఇస్తే పోదా అంటారు. హాస్టల్లో గది పెడితే ఇంటి నుంచి వచ్చి చదివే డేస్కాలర్లు రాలేరు, పక్క గది పిల్లలు ఎవరు లోపలికి వెళ్లారో చూస్తారు, వార్డెన్ గారి గుమ్మం ముందు నుంచే వెళ్లాలి. లైబ్రరీ పక్కన అయితే పుస్తకం కోసం వెళ్లినట్టే వెళ్లి రావచ్చు. దారిలో లైట్లు, ఒక వాచ్‌ఉమన్ ఉంటే చాలు. తల్లిదండ్రుల్లో కొందరికి కౌన్సెలర్ అంటే పిచ్చి డాక్టరనే భయం ఉంది. హాస్టల్లో చేర్పించే రోజునే వాళ్లను కూడా ఆ గదికి తీసుకెళ్లి, కౌన్సెలర్‌తో రెండు మాటలు మాట్లాడిస్తే ఆ భయం సగం పోతుంది. తమ పిల్లకు రాత్రి తొమ్మిదింటికి ఒక పెద్దదిక్కు ఉందని తెలిస్తే ఊళ్లో తల్లి కూడా నిద్రపోతుంది.

మీ పత్రికను ఒకటి అడగదలచుకున్నాను. జూన్, జులైల్లో అడ్మిషన్లు మొదలవుతాయి. అప్పుడు మీ విలేకరులు ప్రతి విశ్వవిద్యాలయానికి వెళ్లి మూడు సంగతులు కనుక్కోండి. కౌన్సెలర్ పోస్టులో మనిషి ఉన్నారా, మహిళా కేంద్రం ఎన్నింటి దాకా తెరిచి ఉంటోంది, ఫిర్యాదుల కమిటీలో విద్యార్థి సభ్యులు ఉన్నారా. క్యాంపస్‌లవారీగా జిల్లా పేజీలో వేయండి. దాని కిందే మహిళా హెల్ప్‌లైన్ 181, మానసిక ఆరోగ్యానికి టెలీమానస్ 14416, న్యాయ సహాయానికి 15100, అత్యవసరానికి 112 నంబర్లు పెద్ద అక్షరాల్లో వేయండి. పిల్లలు కత్తిరించి బీరువా తలుపు లోపల అంటించుకునేలా వేయండి.

నా పేరు ప్రచురించవద్దని మనవి. పేరు బయటపడితే ఏ హాస్టలో తెలుస్తుంది, ఆ వేపచెట్టు కింద కూర్చున్నది ఎవరో కూడా తెలుస్తుంది.

ఇట్లు,
విశ్రాంత హాస్టల్ మేట్రన్,
అనంతపురం జిల్లా